అతుకులో ఎరుపు

…‘లేదు’ అంటే ఊరుకోవచ్చు కదా, డబ్బా చంకలో పెట్టుకుని బయటికి పోవచ్చు కదా, మనిషి ఎందుకు అక్కడే నిలబడతాడు, నిలబడి ఎందుకు నవ్వుతాడు అని రాజమౌళి అనుకుంటుండగానే మొదటి దెబ్బ పడింది. ఆ మనిషి చెంప మీద. చప్పుడు పెద్దదేం కాదు. కొత్త చీర మడత విదిలించినట్టు వినిపించింది. రాజమౌళి తల ఎత్తలేదు. బల్ల మీద టార్చి ఇంకా వెలుగుతోంది. దాని పక్కన భూతద్దం, భూతద్దం పక్కన ఆ డబ్బా. డబ్బాకు చుట్టి ఉన్న ప్లాస్టిక్ పొర మీద ట్యూబులైటు తెల్లటి గీతలా పడి ఉంది. రెండో దెబ్బకు ఆ గీత కదిలింది. అంటే బల్ల కదిలింది. అంటే ఎవరో బల్లకు తగిలారు.

తను అన్నది ఒక్క మాట. “లేదు” అన్నాడు. సీలు కంపెనీది అయితే ‘ఉన్నది’ అంటాడు, ఎవరో విప్పి మళ్ళీ చుట్టినదైతే ‘లేదు’ అంటాడు. ఆ మాట కూడా డబ్బా తెచ్చినవాళ్ళతో అనడు, దుకాణం యజమాని హరికృష్ణతో అంటాడు. తర్వాత ఏం జరిగినా అది హరికృష్ణకూ తెచ్చినవాడికీ మధ్య జరిగేదే. హన్మకొండ చౌరస్తా వెనక సందులో ఈ దుకాణం పెట్టినప్పటి నుంచి పద్ధతి అదే. పాత వీడియో గేములు, అవీ అసలు విప్పనివి, ఇక్కడికి వస్తాయి. విప్పిన ఆటను ఎవరూ అడగరు. విప్పని డబ్బా కోసం బెంగళూరు నుంచి, ముంబై నుంచి పెద్దమనుషులు ఫోన్లు చేస్తారు. వాళ్ళు వాటిని ఆడరు. అద్దాల బీరువాల్లో పెట్టి చూసుకుంటారు. అందుకే విప్పిన డబ్బాకు కొత్త ప్లాస్టిక్ చుట్టి, వేడిగాలి పట్టి, విప్పనిదని తెచ్చేవాళ్ళు తయారయ్యారు. వాళ్ళను పట్టుకోవడం రాజమౌళి పని.

“మా దుకాణమే దొరికిందారా నీకు?” అంటున్నాడు హరికృష్ణ. గొంతు పెద్దగా లేదు. అతనికి నిజంగా కోపం వచ్చినప్పుడు గొంతు తగ్గుతుంది. “మంది ముంగట నా ఇజ్జత్ తీద్దామని వచ్చినవా?”

“సేటూ, నీకు దండం పెడ్త. మా మామ తెచ్చిండు సేటూ, దుబాయికెళ్ళి. నా చిన్నప్పుడు. ఇంట్ల టీవీ లేకుండె. గందుకే ఇప్పలే.”

“టీవీ లేనోనికి వీడియో గేమెందుకు తెచ్చిండ్రా మీ మామ?”

“మా మామకు తెల్వది సేటూ. పిల్లలు ఆడుకునేదని అంటే తెచ్చిండు.”

డబ్బా తెచ్చినవాడి పేరు సాంబరాజు. కాశిబుగ్గ నుంచి వచ్చాడు. వచ్చినప్పుడు చెప్పులు బయటే విడిచి, కడిగిన చేతులు ప్యాంటుకు తుడుచుకుని, డబ్బాను తువాలులోంచి తీసి రాజమౌళి ముందు పెట్టాడు. “జర జల్ది చూడన్నా, షెడ్డుకు పోవాలె” అన్నాడు. జంపఖానాలు ప్యాకింగ్ చేసే షెడ్డులో పని అట. అక్కడితో ఆగినా బాగుండేది. “ప్లాస్టిక్ సంగతి నాకు సుత ఎరుకే. మా తాన చుట్టే మిషిన్ మీద ఉండేది నేనే” అని నవ్వాడు. సాటి పనివాడితో మాట్లాడినట్టు నవ్వాడు. రాజమౌళి అప్పుడే టార్చిని ఏటవాలుగా పట్టి, డబ్బాను వెనక్కి తిప్పాడు. వెనకవైపు రెండు అంచుల్లో రెండు అతుకులు, నడుమ వాటిని కలుపుతూ ఒక అతుకు, నిచ్చెన మెట్టులా. ఆ మెట్టు మడతలో సన్నగా ఎర్రటి గీత కనిపించింది. ముందువైపు పొర మీద ఒకచోట మసక. వేడి తగిలితే పొర అట్లా మసకబారుతుంది. మరక పడ్డాక చుట్టిన పొర అయితే మరక మడత లోపలే ఉంటుంది. అతను మళ్ళీ చూడలేదు. లేదు, అన్నాడు.

హరికృష్ణ షట్టరును సగం దించాడు. దుకాణంలో వెలుతురు నడుము దాకా తగ్గింది. సందులో ఎవరివో కాళ్ళు ఆగాయి. “ఏమైందే?” అని బయటి నుంచి ఎవరో అడిగారు. “ఏం లేదు, దొంగోడు దొరికిండు” అన్నాడు హరికృష్ణ. “అయితే సరే” అన్నట్టు కాళ్ళు కదిలిపోయాయి.

అప్పుడన్నా పోవచ్చు కదా. షట్టరు కింది నుంచి వంగి పోవచ్చు. సాంబరాజు పోలేదు. డబ్బా కోసం చెయ్యి చాపాడు. “నాది నాకియ్యి సేటూ, నేను పోత” అంటూ చెయ్యి డబ్బా మీద పెట్టాడు. ఆ చెయ్యి వచ్చి సరిగ్గా టార్చి వెలుతురులో పడింది. వేళ్ళ గోళ్ళ పక్కన నీలం రంగు నూలుపోగులు అంటుకుని ఉన్నాయి. బొటనవేలి మీద పాత కాలిన మచ్చ ఉంది. రాజమౌళి దాన్ని డబ్బాను చూసినట్టే చూశాడు, అంచు నుంచి అంచుకు. షట్టరు గుంజే ఇనుప కొక్కెం వచ్చి ఆ వేళ్ళ మీద పడటం కూడా అట్లాగే చూశాడు.

అరుపు ఆలస్యంగా వచ్చింది. ముందు నోరు తెరుచుకుంది, తర్వాత చాలాసేపటికి శబ్దం. హరికృష్ణ కొక్కేన్ని మళ్ళీ ఎత్తాడు. ఈసారి మోచేతి మీద, తర్వాత వీపు మీద. మనిషి కింద కూచున్నాక తొడ మీద. మధ్య మధ్యలో అదే ప్రశ్న. “పోయిన నెల బెంగళూరుకు పోయింది సుత నీ పనేనారా? చెప్పు. నీ మిషిన్ మీద చుట్టిందేనా?” సాంబరాజు మొదట లేదన్నాడు. తర్వాత అమ్మా అన్నాడు. తర్వాత ఎవరో నిద్రలోంచి మాట్లాడినట్టు, “అవ్ సేటూ, నేనే చేసిన” అన్నాడు.

“ఏం చేసినవ్? మొత్తం చెప్పు.”

“మా షెడ్డు మిషిన్ల పెట్టిన. ప్లాస్టిక్ చుట్టిన. వేడి పెట్టిన.”

“మళ్ళ చెప్పు. ఇటు చూసి చెప్పు.” హరికృష్ణ ఫోను తీశాడు.

సాంబరాజు ఫోను వైపు చూసి మళ్ళీ చెప్పాడు. రెండోసారి మాటలు కొంచెం పొందికగా వచ్చాయి. ఏ ప్లాస్టిక్, ఎంత వేడి, అన్నీ చెప్పాడు.

రాజమౌళి టార్చి ఆర్పాడు. అప్పుడు గమనించాడు, తన భుజాలు కిందికి దిగి ఉన్నాయి. మెడ వదులైంది. ఎప్పటి నుంచో బిగబట్టిన ఊపిరి మెల్లగా బయటికి పోతోంది. ఏమిటిది? జాలి అయితే ఇట్లా ఉండదు. భయమూ ఇట్లా ఉండదు. పోయిన నెల తను ‘ఉన్నది’ అన్న ఒక డబ్బా బెంగళూరుకు పోయి, అక్కడ నకిలీ అని తేలి, సేకరణదారుల వాట్సాప్ గ్రూపులో అందరి ముందు హరికృష్ణ పరువు పోయినప్పుడు, అతను విసిరిన వేడి చాయ గ్లాసు వచ్చి తన చెవి పక్కన గోడకు పగిలింది. ఆ రోజు నుంచి హరికృష్ణ కుర్చీ చప్పుడైతే చాలు, తల దానంతట అదే భుజాల్లోకి దిగుతుంది. ఇవాళ ఆ చెయ్యి లేచి ఇంకొకరి మీదికి పోయింది. అంతే. అందుకే ఈ సుఖం. రాజమౌళి ఆ సుఖాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. దానికి ఎక్కడా అతుకు లేదు. అసలైనదే.

డబ్బాను హరికృష్ణ బీరువాలో పెట్టి తాళం వేశాడు. “సబూతు, రుజువుకు ఉండాలె” అన్నాడు.

*

వీడియో ఆ సాయంత్రానికే గ్రూపులోకి, అక్కడి నుంచి ఊరి ఫోన్లలోకి పోయింది. మర్నాడు పొద్దున ఖిలా వరంగల్‌లోని తన గదిలో మంచం మీద కూచుని రాజమౌళి దాన్ని చూశాడు. కింద నవ్వే బొమ్మలు, చప్పట్ల బొమ్మలు. ఎవరో “సీల్ సారుకు సలాం” అని రాశారు. వీడియోలో ఒక మూలన బల్ల అంచు, దాని మీద ఒక మోచెయ్యి ఉంది. అది తనదే. అది కదలడం లేదు. సాంబరాజు అరిచినచోట కూడా కదల్లేదు. అతను మళ్ళీ మొదటి నుంచి పెట్టి ఆ మోచేతినే చూశాడు. శవం చెయ్యి అయినా ఎవరో తగిలితే కొంచెం ఊగుతుంది.

బ్రష్ చేసుకుంటుంటే గుర్తుకొచ్చింది. చిల్లులు. ఇక్కడ మిషన్ల మీద చుట్టే ప్లాస్టిక్‌కు సూదిమొన అంత చిల్లులు ఉంటాయి. వేడికి పొర ముడుచుకుంటున్నప్పుడు లోపలి గాలి బయటికి పోవాలి కదా. వెలుతురుకు అడ్డంగా పట్టి చూస్తే వరుసగా కనిపిస్తాయి. ఆ ఆటను తయారుచేసిన జపాన్ కంపెనీ పొరకు అవి ఉండవు. నిన్నటి డబ్బాకు ఉన్నాయా?

లేవు.

అతను నోట్లో నురగతో అద్దం ముందు నిలబడిపోయాడు. లేవని నిన్ననే చూశాడు. మొదట చూసేది అదే, కళ్ళు వాటంతట అవే వెతుకుతాయి. చిల్లులు లేవని కళ్ళు చెప్పాక కూడా ఎర్రటి గీత దగ్గర ఆగాడు. ఆగి, సంతోషించాడు. ‘ఉన్నది’ అంటే ఆ మాట బెంగళూరు దాకా పోవాలి, అక్కడ ఎవరో దీపం కింద పెట్టి దాన్ని పరీక్షించాలి, ఏదో ఒకనాడు గ్లాసై తిరిగి రావాలి. ‘లేదు’ అన్నది ఎక్కడికీ పోదు. ఎవరూ దాన్ని పరీక్షించరు. ‘లేదు’ అన్నవాడి మీదికి ఏ గ్లాసూ రాదు. ఇది నిన్న అనుకుని చేసింది కాదు. కానీ అనుకోకుండా చేశానని కూడా ఇప్పుడు అనుకోలేకపోతున్నాడు.

దుకాణానికి ఒంట్లో బాగాలేదని ఫోను చేసి, కాశిబుగ్గ ఆటో ఎక్కాడు. ఎందుకు పోతున్నాడో తనకు తాను చెప్పుకోలేదు. జంపఖానా ఒకటి కొనాలి అనుకున్నాడు. నిజానికి గదిలో కింద పరుచుకోవడానికి ఏమీ లేదు కూడా.

ఇల్లు దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు. “వీడియోల వచ్చినాయన ఇల్లా?” అని చాయ బండివాడు అడిగి, చేత్తో చూపించాడు. సందంతా రంగు వేసిన నూలు ఆరేసి ఉంది. దాని కింది నుంచి వంగి పోవాలి. గుమ్మంలో ఒక ముసలామె కూచుని రాట్నం మీద కండెలు చుడుతోంది. ఎవరు కావాలని అడిగింది. సాంబరాజు అన్నాడు.

“నా కొడుకే. పండుకున్నడు. షెడ్డు కాడికెళ్ళి వచ్చినవా బిడ్డా? మళ్ళ పనిల పెట్టుకుంటరా?”

“లేదమ్మా. తెలిసినోన్ని.”

“తెలిసినోళ్ళంత తప్పుకుంటాండ్రు, నువ్వొక్కనివి వచ్చినవ్. కూసో.” ఆమె చెంబుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. పేరు మొగిలమ్మ అని చెప్పింది. రాట్నం దగ్గర కూచుని మళ్ళీ మొదలుపెట్టింది. చెయ్యి రాట్నం తిప్పుతోంది, నోరు దాని పని అది చేస్తోంది. “షెడ్డాయన గా ఫోను చూసి, మా మిషిన్ మీద దొంగపనులు చేత్తవా అని ఎల్లగొట్టిండు. దవాఖానల ఏళ్ళకు పట్టీ ఏసిండ్రు. మడవత్తయో రావో సూడాలె అన్నరు. గా సేటు కొట్టిండంటే కొట్టిండు, ఆనిది పైసల కండ్లు. గా పక్కన కూసున్నోడు ఒకడు ఉన్నడట, బ్యాటరీ లైటు పట్టుకోని. ఆనికేం పాడైంది? ఆని కండ్లు కాకులు పొడువ. ఆ బ్యాటరీ ఆని నోట్లనే పేల. గా డబ్బను నేను ఇరవయ్యేండ్ల సంది సూత్తాన, ఆడు ఒక్క గడియ సూసి దొంగదన్నడట.”

రాజమౌళి చెంబు ఎత్తి నీళ్ళు తాగాడు. నీళ్ళు అయిపోయాక కూడా చెంబు దించలేదు. చెంబు వెనక ముఖం ఉండటం బాగుంది.

“ఎక్కడ ఉండేదమ్మా, ఆ డబ్బా?”

“గదిగో, గా గూట్ల.”

గోడగూటిలో దేవుడి పటాలు లేవు. కత్తెర, మేకులు కొట్టే సుత్తి, పాత టేపురికార్డరు, రిమోటు. మూలన మిక్సీ. అన్నిటి మీదా ఎర్రటి చుక్కలు, చుక్కల చుట్టూ పసుపు. రిమోటుకు తొడిగిన ప్లాస్టిక్ కవరు మీద కూడా. కొన్నిచోట్ల పాత చుక్క మీదే కొత్త చుక్క పడి, గట్టిపడి, నల్లగా అట్ట కట్టింది.

“దసరాకు బొట్టు పెడ్త. బట్ట నేసే మొగ్గానికి పెట్టినట్టే అన్నిటికి పెడ్త. గదీ మిషినే గదా, ఆట మిషిను. లోపల ఇనుము ఉంటదని ఆడే చెప్పిండు చిన్నప్పుడు. నూనెల తడిపి పెడ్త బిడ్డా, ఒట్టి కుంకుమైతే రాలిపోతది. ముందటొకటి, ఎన్కొకటి.”

వెనకొకటి.

“మొన్న, పోయే ముందు దినం, సేటు దుకాణానికి గిట్ల తీస్కపోతె నవ్వుతరే అవ్వా అని, స్పిరిటు తెచ్చి, దూది పెట్టి, పొద్దంత రుద్దిండు. మెరిసెటట్టు రుద్దిండు. నేను వద్దనే అన్న. ఏటేటా పెట్టిన బొట్టు గట్ల తీత్తరారా అన్న. ఇనలే.”

స్పిరిటు. మసక దానివల్ల. చుక్క పైనుంచి పోయింది, నూనెతో పాటు అతుకు మడతలోకి దిగిన ఎరుపు మాత్రం పోలేదు. ఏటా కొంచెం, ఏటా కొంచెం దిగి ఉంటుంది. బొట్టు తుడవకుండా తెస్తే తను చూడగానే అడిగి ఉండేవాడు. వాడు తనకోసం శుభ్రం చేసి తెచ్చాడు.

లోపల మంచం కిర్రుమంది. సాంబరాజు గడపలోకి వచ్చి నిలబడ్డాడు. చేతికి మోచేతి దాకా కట్టు, ముఖం ఒక పక్క ఉబ్బి కన్ను మూసుకుపోయింది. తెరిచి ఉన్న కన్నుతో రాజమౌళిని చూశాడు. గుర్తుపట్టాడు. ఇప్పుడు అంటాడు. ఇప్పుడు ఈ ముసలామె రాట్నం ఎత్తి తన తల మీద వేస్తుంది. వేస్తే బాగుండు. నిజంగానే అనుకున్నాడు, వేస్తే బాగుండు.

“ఎవర్రా గీయన?” అంది మొగిలమ్మ.

“తెలిసినాయనే అవ్వా. నువ్వు జర చాయపత్తి తేపో.”

ఆమె గొణుక్కుంటూ నూలు కింది నుంచి వంగి పోయింది. సాంబరాజు వచ్చి గోడకు ఆనుకుని కూచున్నాడు. ఊడిన కట్టు కొసను లోపలికి దోపుకున్నాడు. అతను తిట్టడానికి మాటలు కూడగట్టుకుంటున్నాడనుకున్నాడు రాజమౌళి.

“అన్నా” అన్నాడు సాంబరాజు. గొంతు తగ్గించి, ఎవరూ వినకూడదన్నట్టు. “నిన్నొకటి అడుగుత, నిజం చెప్పు. నేను చేసిన్నా?”

“ఏంది?”

“గదే. మిషిన్ల పెట్టిన్నా? మొదలు నాకు ఎరుకే, పెట్టలే అని. గని రాత్రి సంది పండుకుంటే యాదికొత్తాంది. డబ్బను మిషిన్ మీద పెట్టినట్టు, గా వేడి ముఖానికి తలిగినట్టు. ప్లాస్టిక్ వాసన సుత వత్తాంది అన్నా. ఫోన్ల నేను చెప్తాంటె చూసిన. గంత మంచిగ చెప్తాన. చెయ్యనోడు గంత మంచిగ ఎట్ల చెప్తడు?” అతని ఒంటికన్ను తడిగా లేదు, ఎండిపోయి ఎర్రగా ఉంది. “మా అవ్వ చెయ్యలే అంటది. అవ్వ గట్లనే అంటది కదా. నువ్వు చూసినోనివి. సీలు నీకు ఎరుక. నేను చేస్తే చేసిన అని చెప్పు, పడి ఉంట. చెయ్యకపోతే చెయ్యలే అని చెప్పు. నాకు పిస లేశి పిచ్చోన్నయ్యేటట్టున్నది.”

ఇక్కడే చెప్పవచ్చు. చెయ్యలేదు అని అనవచ్చు. నాలుక దాకా వచ్చింది. కానీ మళ్ళీ చూడకుండా చెప్తే అది నిన్నటి మాటలాంటిదే ఇంకొకటి అవుతుంది. ఇది నిజాయితీయా, ఇంకొంచెం గడువు తెచ్చుకోవడమా? రాజమౌళికి తేడా తెలియలేదు.

“మళ్ళా చూసి చెప్త” అన్నాడు.

సాంబరాజు తల ఊపాడు. “చూడు. మంచిగ చూడు. నాకు జల్దేం లేదు” అన్నాడు.

*

మర్నాడు దుకాణంలో అతను అడగాల్సిన పని లేకపోయింది. హరికృష్ణే బీరువా తెరిచి, డబ్బా తెచ్చి అతని ముందు పెట్టాడు. గిరాకీ లేని మధ్యాహ్నం. ఫ్యాను తిరుగుతోంది. షట్టరు పూర్తిగా ఎత్తి ఉంది.

“మౌళీ, దీన్ని ఇంకోసారి చూడు. నిమ్మలంగ చూడు.”

“ఎందుకు సేటూ? లేదన్న కదా.”

“బెంగళూరాయన ఫోటువలు అడిగితే పంపిన. ఆయనకు అనుమానం వచ్చింది, మంచిదే కావచ్చు అంటాండు. దుబాయి మాల్ గిట్లనే ఉంటదట.” హరికృష్ణ పళ్ళు కుట్టుకుంటూ అన్నాడు, వానల గురించి చెప్పినట్టు. “ఉన్నదంటే నాకొక్కనికి చెప్పు. మందికి అవసరం లేదు.”

రాజమౌళి టార్చి వెలిగించాడు. చిల్లులు లేవు. భూతద్దం పెట్టి నడిమి అతుకు మీద నిలిపాడు. మొన్న ఒక గీతగా కనిపించినది ఇవాళ విడివిడిగా కనిపించింది. మడత నోటి దగ్గర మందంగా, లోపలికి పోయేకొద్దీ పలచగా, చివరికి ఏమీ లేకుండా. బయటి నుంచి దిగిన ఎరుపు. లోపల పడిన మరక అయితే తిరగేసి ఉండాలి. గోరుతో అతుకును ముట్టుకున్నాడు. ఎక్కడా కరిగి మళ్ళీ అంటుకున్న గరుకు లేదు. పొర పాతబడి డబ్బా మూలల్ని కొంచెం లోపలికి లాగింది. అట్లా లాగడానికి ఏళ్ళు పడుతుంది. చూడాల్సినవన్నీ చూశాక కూడా అతను భూతద్దం తీయలేదు. అద్దంలో ఎరుపు పెద్దగా, ప్రశాంతంగా ఉంది. ఒక ముసలామె వేలు ప్రతి దసరాకు వచ్చి ఆగిన చోటు.

“ఏమంటవ్?”

“ఉన్నది.”

హరికృష్ణ పెద్దగా ఊపిరి తీశాడు. నవ్వాడు. వచ్చి రాజమౌళి భుజం మీద చెయ్యి వేశాడు. భుజం దానంతట అదే కుంగింది. “నాకు మొన్ననే అనుమానం కొట్టింది పో” అన్నాడు.

“మొన్ననేనా?”

“ఆడు అట్ల ఏడుస్తాంటె.”

“మరి ఎందుకు కొట్టినవ్ సేటూ?”

“నువ్వు లేదన్నవ్, నేను కొట్టిన. ఇంకెందుకు ఇప్పుడు?” చెయ్యి భుజం మీద కొంచెం బరువెక్కింది. “నీ పని నువ్వు చేసినవ్, నా పని నేను చేసిన. పోయిన నెల మాల్ ఎవడో ఒకడు చేసిండనాలె కదా, వీడు అన్నడు. గ్రూపుల మన ఇజ్జత్ మనకొచ్చింది. ఇదొక్కటి సప్పుడు లేకుంట బెంగళూరు పోతది. ఫికర్ చెయ్యకు.”

“ఆయన డబ్బ ఆయనకు ఇద్దాం సేటూ.”

“ఎవనికి?” హరికృష్ణకు నిజంగానే అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. “ఒప్పుకున్నోనికా?”

ఒప్పుకున్నవాడు. చేసిన పని లేదు, ఒప్పుకోవడం ఉంది. ఆ ఒప్పుకోవడం ఇప్పుడు వాడి లోపల మిషనై తిరుగుతోంది, వేడి పుట్టిస్తోంది, వాసన పుట్టిస్తోంది. ఇంకొన్ని రోజులు పోతే వాడు నిజంగానే చేసి ఉంటాడు. అప్పుడు ఎవరు చెప్పినా నమ్మడు. రాజమౌళి జేబులోంచి ఫోను తీశాడు. ఒక్కడికి చెప్తే చాలదు. కాశిబుగ్గకు పోయి చెవిలో చెప్తే సరిపోదు. చాయ బండివాడు చూశాడు, షెడ్డాయన చూశాడు, వాడే తనను తాను చూశాడు. ఎక్కడ చూశారో అక్కడే వినాలి. గ్రూపు తెరిచాడు. మైకు గుర్తు మీద బొటనవేలు పెట్టి నొక్కిపట్టాడు. అంకెలు పరుగెత్తడం మొదలుపెట్టాయి.

“నేను రాజమౌళిని” అన్నాడు. “సీలు చూసేటోన్ని. మొన్నటి వీడియోల డబ్బ, దాని సీలు కంపెనీదే.”

“ఏయ్, ఎవనికది?” అన్నాడు హరికృష్ణ.

“సాంబరాజు ఏ మిషిన్ల పెట్టలే. ఆయన చెయ్యలే. కొడితే చేసిన అన్నడు. నేను చూసి సుత లేదన్న. భయానికి…”

దెబ్బ నోటి మీద పడింది. పిడికిలి. చెక్క విరిగినట్టు తన పంటి చప్పుడు తనకే వినిపించింది. కుర్చీతో సహా వెనక్కి పోయాడు, తల బీరువా అంచుకు తగిలింది. ఫోను ఉన్న చెయ్యి మాత్రం కడుపులోకి ముడుచుకుంది, వేలు అక్కడే ఉంది. “భయానికి లేదన్న” అని పూర్తి చేశాడు. మాటతో పాటు రక్తం వచ్చింది. హరికృష్ణ కాలు పక్కటెముకల మీద పడింది. ఒకటి, మళ్ళీ. “ఇయ్యిరా ఫోను. నా తిండి తిని నా మీదికే…” అంటూ మీద పడి మణికట్టు పట్టుకుని తిప్పుతున్నాడు. హరికృష్ణ ఊపిరి ముఖానికి తగులుతోంది. పొద్దున తిన్న ఉల్లిగడ్డ వాసన. బయట సందులో కాళ్ళు ఆగాయి, ఈసారి ఎవరూ ఏమైందని అడగలేదు.

వేలు పక్కకు జరిపితే అంతా చెరిగిపోతుంది, పైకి ఎత్తితే గ్రూపులోకి పోతుంది. అది అతనికి తెలుసు. వేలు కూడా అటే లాగుతోంది. మణికట్టు తిరుగుతున్న దిక్కు అదే, నొప్పి తగ్గే దిక్కూ అదే. భుజాలు ఎప్పటిలా పైకి లేచి తలను దాచుకోవడానికి చూస్తున్నాయి. ఒక్క అంగుళం పక్కకు జరిగితే చాలు, నొప్పి ఆగుతుంది. తర్వాత దండం పెట్టుకోవచ్చు. ఒప్పుకోవచ్చు. ఏం చెప్పమంటే అది చెప్పవచ్చు, రెండోసారికి మంచిగానే చెప్తాడు కూడా. తనకు తెలుసు అది ఎట్లా జరుగుతుందో.

ఎముక పక్కన ఏదో పటుక్కుమంది.

రాజమౌళి బొటనవేలు పైకి ఎత్తాడు.